ఎల్లప్పుడూ ఎక్కుపెట్టిన విల్లు

(రేడియో సందేశ పాఠం)

ధ్యాన వాక్యభాగములు: జెకర్యా 8:1-8, మార్కు 6:30-34, లూకా 2:41-52

  

వేసవి వచ్చిందంటే మన ఇళ్ళలో ఒక ప్రశ్న వస్తుంది. పిల్లలకు సెలవులిచ్చారు, ఇప్పుడు వీళ్ళను ఏం చేయాలి? చదివించాలా, ఆడనివ్వాలా? ఈ ప్రశ్నకు పాస్టరుతో ఏం పని అని మీరు అనుకోవచ్చు. నేను కూడా ఒకప్పుడు అలాగే అనుకున్నాను. అది నా ఇంట్లోకి వచ్చి కూర్చున్న తర్వాత గాని ఇది విశ్వాసానికి సంబంధించిన ప్రశ్న అని నాకు అర్థం కాలేదు.

మా సంఘంలో పెరిగిన ఒక సహోదరి అమెరికాలో స్థిరపడింది. ఒక రాత్రి ఆమె ఫోను చేసి, "అయ్యగారూ, మా అమ్మాయి 11వ తరగతి అయిపోయింది. రెండు వారాల వేసవి చదువుల కార్యక్రమం ఒకటి ఉందట, వెళ్తానని పట్టుబడుతోంది. కానీ అది కతోలిక కళాశాల వాళ్ళది. పంపించవచ్చా?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే రెండో సంగతి కూడా చెప్పింది. "ఇంకొకటి అయ్యగారూ. చదువుల కార్యక్రమం అంటున్నారు గాని రోజూ ఆటలున్నాయట, కొండలెక్కడం ఉందట. అంత డబ్బు కట్టి ఆటలకు పంపడం ఏమిటని మా ఆయన కోప్పడుతున్నారు."

ప్రియులారా, ఆమె అడిగిన రెండు ప్రశ్నలలో మొదటిది పెద్దదని నాకు అనిపించింది. తరువాత ఆలోచిస్తే, మన గుండెల్లో అసలు పోటు రెండోదే అని తెలిసింది. ఈ రోజు ఆ రెండింటికీ వాక్యపు వెలుగులో జవాబు వెదుకుదాం.

ముందుగా ఆ కార్యక్రమం ఏమిటో చెబుతాను. అమెరికాలో థామస్ అక్వినాస్ కళాశాల అని ఒకటి ఉంది. 1971లో కాలిఫోర్నియా రాష్ట్రంలో మొదలైంది. శాంటా పౌలా అనే ఊరి దగ్గర కొండల మధ్య దాని ఆవరణ ఉంది. 2019 నుండి మసాచుసెట్స్ రాష్ట్రంలో నార్త్‌ఫీల్డ్ అనే ఊళ్ళో రెండో ఆవరణ కూడా నడుస్తోంది. పాఠశాల చివరి సంవత్సరంలోకి వెళ్ళబోయే పిల్లల కోసం వేసవిలో రెండు వారాల కార్యక్రమం పెడతారు. ఆ పిల్లలు చదివేది పరీక్ష గైడ్లు కాదు. ప్లేటో, సోఫోక్లీసు, షేక్‌స్పియర్, పాస్కల్ వంటివారి గ్రంథాలు, యూక్లిడు జ్యామితి. అధ్యాపకుడు నిలబడి ఉపన్యాసం ఇవ్వడు. బల్ల చుట్టూ అందరూ కూర్చుంటారు. ఆయన ఒక ప్రశ్న వేస్తాడు, పిల్లలు పుస్తకం ముందు పెట్టుకుని మాట్లాడుకుంటారు. ఒకరు తప్పు చెబితే మరొకరు మర్యాదగా సరిచేస్తారు.

ఇది సులువైన చదువు కాదు. అయినా అదే దినచర్యలో ఆటలకు, పాటలకు, కొండదారుల్లో నడకకు వేళ కేటాయించారు. తరగతులున్నాయి, ఆట ఉంది, మళ్ళీ సాయంత్రం కూర్చుని చదువుకునే సమయం ఉంది, ప్రార్థన ఉంది. ఆట చదువు నుండి దొంగిలించిన సమయం కాదు. చదివినందుకు ఇచ్చే బహుమానమూ కాదు. అది కూడా కార్యక్రమంలో ఒక భాగమే.

ఎందుకలా పెట్టుకున్నారు? ఆ కళాశాల ఎవరి పేరు పెట్టుకుందో ఆ మనిషి ఈ సంగతి గురించి స్పష్టంగా రాసి ఉంచాడు. థామస్ అక్వినాస్ 13వ శతాబ్దపు కతోలిక పండితుడు. 1274లో చనిపోయేనాటికి ఆయన రాసిన పుస్తకాలు ఒక మనిషి జీవితకాలంలో చదవడమే కష్టం. అంతటి చదువరి తన పెద్ద గ్రంథమైన సుమ్మా థియోలోజియాలో, ఆటలలో సద్గుణం ఉంటుందా అని ఒక ప్రశ్న వేసుకుని, ఉంటుందని జవాబిచ్చాడు. శరీరానికి పని వల్ల అలసట వచ్చినట్టే మనసుకు కూడా ఆలోచన వల్ల అలసట వస్తుంది, దానికీ విశ్రాంతి కావాలి అని ఆయన వాదన. దానికి ఉదాహరణగా పూర్వపు సన్యాసుల గ్రంథంలోని ఒక కథను చెబుతాడు. ఇది బైబిలులో లేదు, సంప్రదాయ కథ మాత్రమే. ఆ సంగతి గుర్తు పెట్టుకుని వినండి.

అపొస్తలుడైన యోహాను ఒకసారి తన శిష్యులతో కలిసి ఆడుకుంటున్నాడట. అది చూసి కొందరు, ఇంత పెద్ద భక్తుడు ఇలా ఆడటమేమిటని నొచ్చుకున్నారు. వారిలో ఒకడి చేతిలో విల్లు ఉంది. యోహాను అతన్ని ఒక బాణం వేయమన్నాడు. వేశాడు. మరొకటి వేయమన్నాడు, వేశాడు. అలా చాలాసార్లు వేయించి, ఇలా ఆపకుండా వేస్తూనే ఉండగలవా అని అడిగాడు. అలాగైతే విల్లు విరిగిపోతుందని అతడు చెప్పాడు. మనిషి మనసు కూడా అంతే, ఎన్నడూ సడలించకపోతే విరిగిపోతుందని యోహాను అన్నాడట.

సహోదరీ సహోదరులారా, నారి సడలించిన విల్లు విల్లు కాకుండా పోదు. గోడకు ఆనించి ఉన్నా అది విల్లే. రేపు మళ్ళీ వంగడానికి అది ఈ రోజు నిటారుగా నిలబడాలి. వేటగాడికి ఇది ఎవరూ నేర్పనక్కరలేదు. మన పిల్లల విషయంలోనే మనం మరచిపోతున్నాం.

అయితే అక్వినాస్ ఆటకు హద్దులు కూడా పెట్టాడు. ఒకటి, ఆటలో సిగ్గుమాలినదీ, ఇతరులకు హాని చేసేదీ ఉండకూడదు. రెండు, ఆటలో పడి మనసు తన నిలకడను పూర్తిగా పోగొట్టుకోకూడదు. మూడు, ఆ ఆట ఆ మనిషికి, ఆ వేళకు, ఆ చోటుకు తగినదై ఉండాలి. ఈ మూడు హద్దులు మన పెద్దలు చెప్పినవాటికి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి.

ఇప్పుడు ఆ సహోదరి మొదటి ప్రశ్నకు వస్తాను. కతోలికుల దగ్గరకు పంపవచ్చా? మనకూ వారికీ మధ్య ఉపదేశ భేదాలు ఉన్నాయి. అవి చిన్నవని నేను చెప్పను. కృపచేతనే, విశ్వాసము ద్వారానే రక్షణ అని మన పితరులు దేనికోసం నిలబడ్డారో మన పిల్లలకు తెలియాలి. తెలియకుండా పంపితే తప్పు కతోలికులది కాదు, నేర్పని మనది. అందుకే ఆ అమ్మాయితో ఫోనులో రెండు మూడు సార్లు మాట్లాడి, మనం ఏమి నమ్ముతామో, ఎందుకు నమ్ముతామో చెప్పి, ఆమె ప్రశ్నలు విన్న తరువాతే వెళ్ళమన్నాను. అబద్ధాలు చెప్పని, కష్టపడి చదివే, పిల్లల్ని ప్రేమించే పొరుగువారి దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంటే నేర్చుకోవడానికి సిగ్గెందుకు?

ఇంకొక సంగతి ఉంది. అది తెలిసిన రోజు నేను చాలాసేపు మౌనంగా కూర్చున్నాను. ఆ అమ్మాయి వెళ్ళింది నార్త్‌ఫీల్డ్ ఆవరణకు. నార్త్‌ఫీల్డ్ అనగానే మనలో పెద్దవారికి ఒక పేరు గుర్తుకు రావాలి. డి.ఎల్. మూడీ! 1837లో ఆయన పుట్టింది ఆ ఊళ్ళోనే. చిన్నప్పుడే తండ్రి పోయాడు. పెద్ద చదువు లేదు. బోస్టనులో చెప్పుల దుకాణంలో పనిచేస్తూ రక్షణ పొందాడు. లోకమంతా తిరిగి సువార్త చెప్పిన తరువాత మళ్ళీ తన ఊరికే వచ్చి, 1879లో బీద ఆడపిల్లల కోసం అక్కడ ఒక పాఠశాల పెట్టాడు. 1881లో కనెక్టికట్ నదికి అవతల మౌంట్ హెర్మోన్‌లో మగపిల్లలకు మరొకటి పెట్టాడు. 1899లో ఆయన కన్నుమూసింది కూడా నార్త్‌ఫీల్డ్‌లోనే. ఆయన, ఆయన భార్య సమాధులు అక్కడి చిన్న గుట్ట మీద ఉన్నాయి.

కాలక్రమంలో ఆ రెండు పాఠశాలలు ఒకటయ్యాయి. 2005లో పాఠశాల అంతా నది అవతలి ఆవరణకు మారింది. ఖాళీ అయిన నార్త్‌ఫీల్డ్ ఆవరణ చేతులు మారి, చివరకు 2017లో ఒక క్రైస్తవ ఫౌండేషన్ ద్వారా ఈ కతోలిక కళాశాలకు విరాళంగా అందింది. మూడీగారు ఆడపిల్లల చదువు కోసం కట్టించిన చోట ఈ రోజు మళ్ళీ పిల్లలు చదువుకుంటున్నారు.

వేసవి చదువుల సంగతి మూడీగారికి కొత్త కాదు. 1886 వేసవిలో మౌంట్ హెర్మోన్‌లో ఆయన కళాశాల విద్యార్థుల కోసం దాదాపు నెల రోజుల బైబిలు సభ జరిపించాడు. 251 మంది యువకులు వచ్చారు. ఉదయం వాక్యధ్యానం, సాయంత్రం కూటం. మధ్యాహ్నాలు? మధ్యాహ్నాలు వారివే. నదిలో ఈదారు, బంతాట ఆడారు, చెట్ల మధ్య నడిచారు. ఆత్మల కోసం అంత భారం కలిగిన దైవజనుడు ఆ మధ్యాహ్నాలను కూడా కూటాలతో నింపి ఉండవచ్చు. నింపలేదు.

మరి ఆ ఖాళీలో ఏం జరిగింది? ఆ విద్యార్థులలో రాబర్ట్ వైల్డర్ అనే యువకుడు ఉన్నాడు. మిషనరీల కొడుకు, పుట్టింది మన దేశంలోనే, కొల్హాపూర్‌లో. అతడూ కొందరు స్నేహితులూ అన్యదేశాల సువార్త పని గురించి ఒకరితో ఒకరు మాట్లాడటం, ప్రార్థించడం మొదలుపెట్టారు. సభ ముగిసేనాటికి 100 మంది యువకులు తాము వెళ్తామని తీర్మానించుకున్నారు. తరువాత నోబెల్ శాంతి బహుమానం అందుకున్న జాన్ మాట్ ఆ వందమందిలో ఒకడు. ఆ గుంపు నుండే విద్యార్థి స్వచ్ఛంద ఉద్యమం పుట్టింది. ఆ తరువాత ఏటేటా నార్త్‌ఫీల్డ్‌లో జరిగిన విద్యార్థి సభలలో మేల్కొన్న మరొక యువకుడు షెర్వుడ్ ఎడ్డీ. అతడు 1896లో మద్రాసు వచ్చి వై.ఎం.సి.ఎ.లో పనిచేశాడు. అక్కడ అతనికి ప్రాణస్నేహితుడైన భారతీయుడు ఎవరో తెలుసా? వి.ఎస్. అజరయ్య. 1912లో దోర్నకల్‌కు బిషప్పుగా అభిషేకం పొంది, 1945లో కన్నుమూసేవరకు మన తెలుగు పల్లెల్లో తిరిగిన అజరయ్యగారే!

దోర్నకల్ ఆలయం చూసినవారు మీలో చాలామంది ఉంటారు. అక్కడి సేవకు వేళ్ళు అనేకం ఉన్నాయి. అజరయ్యగారి ప్రార్థన ఉంది, తిరునెల్వేలి విశ్వాసుల త్యాగం ఉంది. ఆ వేళ్ళలో సన్నని వేరు ఒకటి నార్త్‌ఫీల్డ్ వేసవి సభల దాకా వెళ్తుంది. చదివి, నడిచి, ఆడి, మాట్లాడుకుని, మోకరించిన యువకుల దగ్గరకు వెళ్తుంది. ఆటకిచ్చిన గంటలు వృథా అని ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు వాక్యంలోకి వెళ్దాం.

జెకర్యా గ్రంథం 8వ అధ్యాయం 5వ వచనం చూడండి. చెరనుండి తిరిగివచ్చిన ప్రజలకు దేవుడు యెరూషలేము భవిష్యత్తు చూపిస్తున్నాడు. ఆ పట్టణంలో ఏముంటుందట? ముందు ముసలివారు చేతికర్ర పట్టుకుని వీధుల్లో కూర్చుంటారట. తరువాత ఆ వీధులు మగపిల్లలతో, ఆడపిల్లలతో నిండిపోతాయట. వారు అక్కడ ఆడుకుంటూ ఉంటారట. దేవుడు తన రక్షణకు గుర్తుగా చూపించిన బొమ్మ ఇది! మగపిల్లలు మాత్రమే కాదు, ఆడపిల్లలు అని కూడా వ్రాయబడింది. భయం లేని చోట పిల్లలు ఆడతారు. పిల్లలు ఆడని వీధిలో ఏదో భయం కాపురముంది.

19వ కీర్తన చూడండి. మొదటి సగంలో ఆకాశాలు, సూర్యుడు, పగలు, రాత్రి. రెండో సగంలో ధర్మశాస్త్రము, దాని శ్రేష్ఠత. ఒకే కీర్తనలో ఆరుబయలూ ఉంది, గ్రంథమూ ఉంది. రెండింటినీ ఒకే భక్తుడు, ఒకే దేవునికి స్తుతిగా పాడాడు.

లూకా 2వ అధ్యాయం చూడండి. పన్నెండేళ్ళ యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చున్నాడు. వింటున్నాడు, ప్రశ్నలడుగుతున్నాడు. అంతకు ముందు ఏం చేశాడు? నజరేతు నుండి యెరూషలేముకు రోజుల తరబడి బంధువులతో నడిచాడు. దారిలో ఆయన ఎక్కడున్నాడో తల్లిదండ్రులు ఒక రోజంతా వెదకలేదంటే, తోటివారితో స్వేచ్ఛగా తిరిగే అలవాటు ఉన్నట్టే కదా! 52వ వచనంలో ఆయన జ్ఞానములో పెరిగాడని మాత్రమే లేదు, వయస్సులో కూడా పెరిగాడు. దేవుని దయలో మాత్రమే కాదు, మనుష్యుల దయలో కూడా పెరిగాడు. మనం మన పిల్లలను ఒక్క జ్ఞానంలోనే పెంచుతున్నాం. అది కూడా పరీక్షలో అడిగే జ్ఞానం.

మార్కు 6వ అధ్యాయంలో, సేవచేసి అలసివచ్చిన శిష్యులకు భోజనం చేయడానికి కూడా తీరిక లేదు. ప్రభువు వారిని ఇంకా పని చేయమనలేదు. ఏకాంతంగా ఒక చోటికి వచ్చి కాసేపు విశ్రమించమన్నాడు. అయితే జాగ్రత్తగా చదవండి. వారు వెళ్ళిన చోటికి జనం వచ్చేసరికి ప్రభువు కనికరపడి బోధించాడు. ఆయన విశ్రాంతిని ఇచ్చాడు గాని దాన్ని విగ్రహం చేయలేదు.

ప్రియులారా, ఇక్కడ నేను నా తప్పు ఒప్పుకోవాలి. మా అబ్బాయి పదో తరగతి పాసైన వేసవిలో, సెలవులు ఇవ్వకుండా నేరుగా హాస్టలు ఉన్న ఒక కళాశాలలో చేర్చాను. తెల్లవారకముందు లేపి రాత్రి పడుకునేవరకు చదివిస్తారని ఎవరో చెబితే సంతోషించి చేర్చాను. పాస్టరు కొడుకుకు మంచి ర్యాంకు రాకపోతే నలుగురిలో ఎలా అని నా లోపల ఉంది. దానికి సాక్ష్యం అని పేరు పెట్టుకున్నాను.

సంక్రాంతికి వాడు ఇంటికి వచ్చాడు. మందిరం ఆవరణలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. వాడిని చూసి "అన్నా, రా అన్నా" అని పిలిచారు. ఒకప్పుడు అన్నం దగ్గర నుండి లేచి పరుగెత్తే పిల్లవాడు. గుమ్మంలో నిలబడ్డాడు, నా వైపు చూశాడు, "చదువుకోవాలి" అని లోపలికి వెళ్ళిపోయాడు. నేనేం చేశానో తెలుసా? సంతోషించాను. మనవాడు దారిలో పడ్డాడని వాళ్ళమ్మతో చెప్పాను.

ఆ రాత్రి లేచి చూస్తే వాడి గదిలో దీపం వెలుగుతోంది. పుస్తకం మూసి ఉంది. వాడు గోడను చూస్తూ కూర్చున్నాడు. నిద్ర పట్టడం లేదన్నాడు. సాయంత్రం ఆడి ఉంటే పట్టేదిరా అన్నాను. "ఆడితే తప్పు చేసినట్టు ఉంటుంది నాన్నా" అన్నాడు.

ముప్పైమంది పిల్లలకు వేసవి బైబిలు పాఠశాలలో కృప గురించి బోధించినవాడిని నేను. నా సొంత కొడుకుకు ధర్మశాస్త్రాన్ని మాత్రమే నేర్పాను. నీ విలువ నీ ర్యాంకులో ఉంది, దాన్ని సంపాదించేవరకు నీకు విశ్రాంతి లేదు అని నేర్పాను. రక్షణ క్రియల వలన కాదు అని మందిరంలో చెబుతూ, ఇంట్లో క్రియల మతాన్ని నడిపించాను. కతోలికులను గురించి మనం ఏ మాట చెప్పి తప్పుపడతామో, ఆ తప్పు నా ఇంటి భోజనాల బల్ల దగ్గర కూర్చుంది.

ఆ రాత్రి వాడి పక్కన కూర్చుని క్షమించమని అడిగాను. తెల్లవారి ఇద్దరం చెరువుగట్టు మీద నడిచాం. పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. ఆ తరువాత హాస్టలు మాన్పించి ఇంటి దగ్గర నుండి చదివించాను. మీరు అడుగుతారని చెబుతున్నాను, వాడికి పెద్ద ర్యాంకు రాలేదు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. రాత్రిళ్ళు నిద్రపోతున్నాడు. దేవునికి స్తోత్రం.

శ్రోతలారా, మన రెండు రాష్ట్రాలలో పరీక్షల ఒత్తిడికి ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు మనం ఎన్నిసార్లు చదివాం! ఆ ఇళ్ళలో క్రైస్తవ ఇళ్ళు లేవా? తల్లిదండ్రులను నిందించడానికి చెప్పడం లేదు. ఆ తండ్రి స్థానంలో నేను ఉండి ఉండవచ్చు కాబట్టి చెబుతున్నాను.

మరి ఏం చేయాలి? నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, ఆటను దినచర్యలో రాయండి. మిగిలిన సమయంలో ఆడుకోమంటే సమయం ఎప్పుడూ మిగలదు. మన మే నెల ఎండల్లో మధ్యాహ్నం ఆడించలేం. ఉదయం ఎండ ముదరకముందు ఒక గంట, సాయంత్రం ఎండ చల్లబడ్డాక ఒక గంట ఇవ్వండి. ఎండ మండే వేళ నీడలో కూర్చోబెట్టి చదివించండి.

రెండవది, సెల్‌ఫోనులో ఆడేది ఆట అని మోసపోకండి. అందులో విల్లు సడలదు, ఇంకా బిగుసుకుంటుంది. నేను చెప్పే ఆటలో కాళ్ళకు మట్టి అంటాలి, పక్కన ఒక స్నేహితుడు ఉండాలి.

మూడవది, అందరి పిల్లలకూ ఒకే కొలత పెట్టకండి. మన సంఘాల్లో కూలి కుటుంబాల పిల్లలు ఉన్నారు. సెలవుల్లో వారు తల్లిదండ్రులతో పనికి వెళ్తారు. రోజంతా ఎండలో ఉన్న ఆ పిల్లకు ఆరుబయట ఆట గురించి బోధించడం అన్యాయం. ఆమె విల్లు మరో వైపు వంగి ఉంది. ఆమెకు కావలసింది ఒక పుస్తకం, ఒక చాప, నీడ, చదివి వినిపించే ఒక అక్క. మందిరాలు వారమంతా తాళం వేసి ఉంచడం ఎందుకు? సాయంత్రం తలుపులు తెరిచి ఒక మూల పుస్తకాలు, ఆవరణలో ఒక బంతి పెట్టండి. ఆడపిల్లలకు కూడా ఆ బంతి అందేలా చూడండి.

నాలుగవది, అప్పుడప్పుడు పిల్లలతో కలిసి నడవండి. ఎమ్మాయు దారిలో ప్రభువు ఇద్దరు శిష్యులతో నడుస్తూనే లేఖనాలను వివరించాడు. వారి హృదయం మండింది దారిలోనే కదా!

ఒక హెచ్చరిక కూడా వినండి. సోమరితనానికి ఈ సందేశాన్ని సాకుగా వాడుకోవద్దు. యువతీయువకులారా, మీతోనే చెబుతున్నాను. శరీర సాధన కొంతవరకే ప్రయోజనకరమనీ, దైవభక్తి అన్నింటికీ ప్రయోజనకరమనీ పౌలు తిమోతికి వ్రాశాడు. ఆ కొంతను కాదనవద్దు, దాన్ని అంతా చేసుకోవద్దు. ఎన్నడూ ఎక్కుపెట్టని విల్లు కూడా పనికిరాదు. కూర్చున్నప్పుడు కూర్చోండి, దేవుడిచ్చిన బుద్ధిని పూర్తిగా వంచి చదవండి.

చివరగా, ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. రెండు వారాలయ్యాక వాళ్ళమ్మ ఫోను చేసింది. అమ్మాయి ఏం నేర్చుకుందని అడిగాను. యూక్లిడు మొదటి సిద్ధాంతం గురించి చెప్పిందట. ఒక గీత మీద సమబాహు త్రిభుజం గీయడానికి రెండు వృత్తాలు గీస్తారు. ఆ రెండు వృత్తాలు ఒకదాన్నొకటి ఖండించుకుంటాయని మనకెలా తెలుసు అని తరగతిలో ఒకరు అడిగారట. వాదన తెగలేదు, గంట అయిపోయింది. తరువాత కొండదారిలో నడుస్తూ అదే వాదన, చెమట తుడుచుకుంటూ అదే వాదన. "మాకు ఎక్కడ చదువు అయిపోయిందో, ఎక్కడ ఆట మొదలైందో తెలియలేదమ్మా" అందట ఆ పిల్ల. అప్పుడు వాళ్ళ నాన్నగారు కోప్పడలేదట. ఆదివారం సాయంత్రం తను కూడా నడకకు వస్తానన్నాడట.

తల్లిదండ్రులారా, మీ బిడ్డను దేవుడు ప్రేమించడానికి ఏ ఫలితాల జాబితా కోసమూ ఎదురు చూడలేదు. ఈ రోజు సాయంత్రం మీ బిడ్డ తలుపు దగ్గర నిలబడి మీ వైపు చూస్తే, ఆ చూపును గమనించండి. "వెళ్ళి ఆడుకో నాన్నా, చీకటిపడేలోగా వచ్చేయ్" అని చెప్పండి. ఆ ఒక్క మాటలో మీరు కృపను ప్రకటిస్తారు.

ప్రార్థన చేద్దాం. ప్రేమగల తండ్రీ, మా పిల్లలను మాకు స్వాస్థ్యముగా ఇచ్చిన దేవా, మీకు స్తోత్రం. వారిని మా భయాలకు బలి ఇచ్చిన ప్రతి దినమును బట్టి మమ్మును క్షమించండి. చదువుకునే బిడ్డలకు తెలివిని, అలసిన బిడ్డలకు నిద్రను, నిరాశలో ఉన్న బిడ్డలకు ఈ రాత్రే ఒక తోడును దయచేయండి. పనికి వెళ్ళే బిడ్డల చేతికి పుస్తకం అందించే మనసు మా సంఘాలకు ఇవ్వండి. మా వీధులను ఆడుకునే పిల్లలతో నింపండి. మా రక్షకుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమెన్.